రశీదు ముందు, ఖర్చు తర్వాత

సారపాక నుంచి బూర్గంపాడు వెళ్లే దారిలో, జామాయిల్ తోట గట్టు మీద నిలబడి మేనకోడలు ఫోన్ చేతికిచ్చింది. "మామయ్యా, ఇది చదివి చెప్పు. అబద్ధంలా ఉందా?" అదొక బిజినెస్ స్కూలు దరఖాస్తు. పదేళ్ల తర్వాత నువ్వెక్కడ ఉంటావు, అక్కడికి చేరడానికి మా చదువే ఎందుకు కావాలి అన్నది అందులో ప్రశ్న. కింద ఆమె రాసిన జవాబు. ఖమ్మంలో పాఠాలు చెప్పుకునే ఈ వ్యాసకర్తకు జవాబు కన్నా ప్రశ్నే ముల్లులా గుచ్చుకుంది. ఇప్పటికీ బయటికి రాలేదు.

ఆమెకు ఇరవై ఒక్కేళ్లు, బీటెక్ చివరి ఏడాది. బిజినెస్ స్కూల్లో సీటు ఇప్పుడే ఖాయం చేసుకుని, కొన్నేళ్లు ఉద్యోగం చేశాక వెళ్లి చేరే పద్ధతి ఒకటుంది; ఆమె దరఖాస్తు దానికే. హార్వర్డ్ 2007లో ‘టూ ప్లస్ టూ’ పేరుతో దీన్ని ప్రకటించింది. అక్కడ మధ్యలో రెండేళ్ల నుంచి నాలుగేళ్ల దాకా గడువిస్తారు. స్టాన్‌ఫర్డ్, వార్టన్, కొలంబియా కూడా ఇదే బాట పట్టాయి. మన గచ్చిబౌలి ఐఎస్‌బీ సైతం యంగ్ లీడర్స్ ప్రోగ్రామ్ పేరుతో కాలేజీలో ఉండగానే పిల్లలను ఎంచుకునే దారి పెట్టింది. పట్టా చేతికి రాకముందే పై చదువుకు సీటన్నమాట.

సీటు జేబులో ఉంటే పిల్లలు ధైర్యంగా బతుకుతారట. జీతం చూసుకోకుండా నచ్చిన పని చేస్తారట. ఎవరి పిల్లలు? సీటు నిలుపుకోవడానికి కట్టిన సొమ్ము పోయినా ఫర్వాలేదనుకునే ఇంటి పిల్లలు. బూర్గంపాడు రైతు కూతురికి ఆ సీటు మెడలో పలుపుతాడే. మధ్యలో మనసు మారితే ఇల్లంతా ఏడుస్తుంది. ఇక నచ్చిన పని ఎక్కడిది? రేపు ఆ కళాశాల మెచ్చే పనే చేస్తుంది.

భద్రాద్రి సీమకు తెలిసిన లెక్క వేరు. పాల్వంచ తహసీల్దారు గోపన్న రాముడి గుడికి ముందు ఖర్చు పెట్టాడు. తర్వాత గోల్కొండ ఖైదు. రశీదు అందింది ఆ తర్వాతేనని కథ. ఇక్కడ రశీదు ముందే ఇచ్చేస్తున్నారు. ఖర్చు కావలసింది వయసు.

ఈ ధోరణిలో మాట్లాడుతుంటే ఆమె తండ్రి నవ్వాడు. "నాలుగేళ్లకు గానీ పైసా కళ్లబడని జామాయిల్ నేను పెట్టలేదా బావా?"

నిజమే. సారపాక కాగితం మిల్లు 1979లో ఉత్పత్తి మొదలుపెట్టింది. దాని కోసం ఎంపిక చేసి పెంచిన జామాయిల్ రకాలకు భద్రాచలం క్లోన్లని పేరే పడింది. మొదటి ఏడాది సాళ్ల మధ్య పత్తి వేసుకుంటారు. నాలుగో ఏట నరుకుతారు. మోళ్లకు పిలకలు లేస్తాయి, మళ్లీ నాటే పని లేదు. ఇంత వాయిదా మీద బతికే ఇంటికి వచ్చి వాయిదా సీటు తప్పనడం ఏం న్యాయం?

కానీ జామాయిల్ మొక్కను వ్యాసం రాయమని ఎవరూ అడగరు. నాలుగేళ్లకు అది జామాయిలే అవుతుంది. మనిషి అలా కాదని ఆ పిల్లకు ఎప్పుడో తెలుసు.

అది 2022 జులై. భద్రాచలం దగ్గర గోదావరికి 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ నెల 16న నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986లో 75.6 అడుగులు చూసిన ముసలివాళ్లు కూడా మూటలు సర్దారు. వీళ్ల ఇల్లు మునిగింది. ఊరి జనంతో పాటు వీళ్లూ ఒక బడిలో తలదాచుకున్నారు. వానల వల్ల ఎంసెట్ అగ్రికల్చర్ పరీక్ష వాయిదా వేశారు. ఇంజినీరింగ్ పరీక్ష మాత్రం 18 నుంచి అనుకున్నట్టే జరిగింది. హాల్‌టికెట్‌ను పాలిథిన్ కవర్లో చుట్టి జాకెట్టులో దోపుకుని, కొంత దూరం నడిచి, కొంత దూరం ట్రాక్టర్ ఎక్కి, ఎవరిదో వదులు చుడీదార్లో ఖమ్మం వచ్చి పరీక్ష రాసింది. పాదాల వేళ్ల సందుల్లో ఒండ్రు ఇంకా ఆరలేదు.

"ఆ వరద గురించి రాయవే. ఇంకో ప్రశ్నలో నాయకత్వం గురించి అడిగారుగా" అని ఈ వ్యాసకర్తే సలహా ఇచ్చాడు.

"అది నేను చేసింది కాదు మామయ్యా, దానంతటదే వచ్చింది. బడిలో అందరికీ అన్నం వడ్డించింది వెనక వీధి పిన్ని. రమ్మని నన్నూ పిలిచింది. నేను మూలన కూర్చుని ఫార్ములాలు చూసుకున్నాను."

ఈ మాటతో ఈ వ్యాసకర్త కట్టుకున్న వాదన కూలింది. పరీక్ష పోతే బతుకే పోతుందన్న భయం ఆ రోజు ఆ పిల్లను మూలన కూర్చోబెట్టింది. సీటు జేబులో ఉండి ఉంటే లేచి గరిటె పట్టుకునేదేమో. ధైర్యం డబ్బున్న వాళ్ల సొత్తని ఎగతాళి చేశాడే, ఆ ధైర్యం అందరికన్నా ఎక్కువ కావలసింది ఆమెకే. అలాగని సీటు దొరికితే ఆ భయం పోతుందా? ఏ సీటు దొరికినా దాని ముందు ఇంకో పరీక్ష ఉంటుందిగా? ఆలోచన ఇక్కడ ఆగింది. చాలా రోజులు అక్కడే ఉండిపోయింది.

గడువుకు ముందు రోజు రాత్రి ఆమె చివరి ప్రతి పంపింది. పదేళ్ల తర్వాత తునికాకు, ఇప్పపువ్వు సేకరించే కోయ కుటుంబాలతో కలిసి కంపెనీ నడుపుతుందట. ఎక్కడా తడబాటు లేదు, అంకెలు కూడా ఉన్నాయి. వెనక వీధి పిన్ని లేదు, మూల లేదు, ఫార్ములాలు లేవు. తనకు తెలిసిన పిల్ల కోసం ఈ వ్యాసకర్త అందులో రెండుసార్లు వెతికాడు.

తర్వాత రెండు కామాలు సరిచేసి, బాగుందని రాసి పంపాడు.