స్థావరము కదలినపుడు

దేవాలయము స్థావరము, దానిని దర్శించు భక్తుడు చరించువాడు. ఈ రెండింటిలో శివుని నిజమైన నెలవు ఏది యను ప్రశ్నను పన్నెండవ శతాబ్దమున కల్యాణమందు బసవేశ్వరుడు లోకము ముందుంచెను. ఇష్టలింగమును దేహముపై ధరించిన వీరశైవునికి దేహమే దేవాలయమని మన పెద్దలు బోధించిరి. అట్లైన ప్రాచీన శిలాలయములతో మనకేమి పని? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు అలంపురమును మించిన తావు అరుదు.

అలంపురము తుంగభద్ర యెడమ గట్టున, నేటి జోగులాంబ గద్వాల జిల్లాలో నున్నది. ఏడు, ఎనిమిది శతాబ్దములలో బాదామి చాళుక్యుల కాలమున ఇచట నవబ్రహ్మాలయములు వెలసెను. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ అను పేర్లకు చివర బ్రహ్మశబ్ద మున్నను, ఇవి యన్నియు శివాలయములే. గర్భగృహము, దాని చుట్టును ప్రదక్షిణమార్గము, ముందు స్తంభమంటపము, పైన వంపు తిరిగి లేచు నాగర శిఖరము, దాని తలపై ఆమలకము - ఇది వీని సామాన్య లక్షణము. తారకబ్రహ్మాలయ శిఖరము మాత్రము దక్షిణాది పద్ధతి ననుసరించినది. ఉత్తర దక్షిణ శిల్పరీతులు రెండును ఒక్క ప్రాంగణమున కలిసియుండుట ఈ క్షేత్రపు విశేషము.

కృష్ణా తుంగభద్రలు కలియు కూడవెల్లిలో సంగమేశ్వరాలయ మొకటి యుండెను. ఇదియు చాళుక్య నిర్మాణమే. ఎత్తైన అధిష్ఠానముపై, ప్రాకారము నడుమ, నాగర శిఖరముతో నిలిచిన గుడి. శ్రీశైలము వద్ద కృష్ణకు అడ్డముగా ఆనకట్ట లేచుచుండగా, ఆ సంగమస్థలము జలాశయములో మునుగునని తేలినది. అంతట ఆ గుడిని రాయి వెంట రాయిగా విప్పి, అలంపురమునకు తెచ్చి, పూర్వపు రూపముననే తిరిగి నిలిపిరి. అలంపురపు గుళ్ళకు వెనుకనీరు తగులకుండ నదివైపున గోడ కట్టిరి. వేయి సంవత్సరములకు పైగా కదలని స్థావరము ఆ విధముగా కదలినది. ఈ కార్యము సామాన్యమైనది కాదు. ఏ రాయి యే వరుసలోనిదో, దాని ప్రక్క నేది యుండెనో యెరుగనిదే శిఖరము మరల లేవదు.

ఆ జలాశయము క్రిందనే వందకు పైగా గ్రామములు, దాదాపు లక్షమంది ప్రజల యిండ్లు, పొలములు పోయినవి. 1981లో ఊళ్ళను ఖాళీ చేయించిరి. నిర్వాసిత కుటుంబములకు ఉద్యోగము లిచ్చుటకై 1986లో జి.ఓ. 98 వెలువడినను, దాని అమలు కొరకు దశాబ్దముల తరబడి వారు అర్జీలు పెట్టుచునే వచ్చిరి. ఆనకట్ట వలన విద్యుత్తు వచ్చినది, నీరు వచ్చినది, దానిని కాదనరాదు. అయినను ఒక ప్రశ్న మిగులును. రాతికి దొరికిన వరుస మనిషికి ఎందుకు దొరకలేదు? ఏ రాయి ప్రక్క ఏ రాయి యుండవలెనో చూచిన లోకము, ఏ యింటి ప్రక్క ఏ యిల్లు, ఏ రైతుకు ఏ చేను అని అంతటి శ్రద్ధతో చూచినదా?

దీనికి కారణము యోచింపదగినది. రాయి తనంతట నడువలేదు గనుక మోయవలెనని మన కందరకును తోచును. మనిషికి కాళ్ళున్నవి గనుక అతడే పోవునని యనుకొందుము. చరించు శక్తియే అతనికి శాపమైనది. బసవేశ్వరుడు జంగమమునకు పెద్దపీట వేయుటలోని లోతు ఇచట తెలియుచున్నది. శాస్త్రార్థమున జంగమమనగా సంచరించు గురుస్వరూపమే. కాని జంగమదాసోహమును నేర్చినవాడు, ఆకలిగొని వాకిట నిలిచినవానిని శివుడుగా చూడకుండ నుండగలడా? నడచి వచ్చినవానికి నిలువ చోటిచ్చుటయే దాసోహపు మొదటి మెట్టు.

అందువలన గుడిని తరలించుట వ్యర్థమనరాదు. ఆ రాళ్ళలో శిల్పుల కాయకమున్నది. కాయకమును గౌరవించువాడు దాని ఫలమును నీటిపాలు చేయడు. కర్ణాటకమున కృష్ణా మలప్రభల కూడలసంగమమున నారాయణపుర జలాశయపు నీరు చేరినపుడు, బసవేశ్వరుని ఐక్యమంటపము చుట్టును బావివంటి కట్టడము నిర్మించి కాపాడిరి. నేడు భక్తులు మెట్లు దిగి దానిని దర్శించుచున్నారు. దేహమే దేవాలయమని నమ్మిన మనమే రాతిమంటపమును రక్షించుకొంటిమి. అది తప్పు కాదు. ఆ రక్షణలో చూపిన శ్రద్ధ రాతి యొద్దనే ఆగిపోయినచో తప్పు.

స్థావరమును నిందించుట సులభము, పూజించుటయు సులభము. దానికి చేసిన సేవను కొలబద్దగా గైకొని, మనిషికి చేయవలసిన సేవను కొలుచుకొనుట కష్టము. మఠములు గాని, గృహస్థులు గాని ఒక గుడి జీర్ణోద్ధరణకు పూనుకొన్నపుడెల్ల, ఆ గుడి నీడన బ్రతుకువారి స్థితి యేమని ముందుగా విచారించుట మంచిది. అలంపురమున సంగమేశ్వరుని శిఖరమును చూచు శరణుడు, దానితోపాటు కదలివచ్చిన వేలాది కుటుంబములను గూడ మనసున తలచినచో అతని దర్శనము పూర్ణమగును.