నేల కింది గోడ

పోలవరం ప్రాజెక్టు చూడబోయినవాళ్ళు స్పిల్‌వే 48 గేట్ల ముందు ఫొటోలు దిగి వస్తారు. నేల కింది డయాఫ్రమ్ వాల్ ఊసెత్తేవాళ్ళు తక్కువ. ఆనకట్ట కింది ఊటను ఆపేది అదే. వరదలకు అది దెబ్బతింటే, 2025 జనవరిలో కొత్తది మొదలుపెట్టాల్సి వచ్చింది.

శోధనా ఊటలాంటిదే. ఆదివారం తెల్లబట్టలు అందరికీ కనబడతాయి. అర్ధరాత్రి చేతిలో ఫోను ఎవరికీ కనబడదు. పోతీఫరు భార్య పైబట్ట పట్టుకున్నప్పుడు యోసేపు వాదనకు దిగలేదు, దాన్ని వదిలేసి పరుగెత్తాడు.

పెళ్ళి విషయంలోనూ పైకి కనబడేదే చూస్తాం. చర్చిలో పెండ్లి ప్రకటన మూడు ఆదివారాలు చదివి, అభ్యంతరముంటే చెప్పమంటాం. పెళ్ళయ్యాక ఎలా ఉన్నారని అడగం. తప్పు జరిగితే ఆడపిల్లనే నిలదీస్తాం. కొండమీద యేసు హెచ్చరించింది మాత్రం మగవాడి చూపును.

దంపతులారా, ఈ రాత్రి ఫోన్లు పక్కనపెట్టి కాసేపు మాట్లాడుకోండి.