రాళ్లు మోసిన ప్రేమ

పురుషుని ప్రేమించిన నేరమునకై నాజీలు వేలాది పురుషులను నిర్బంధించి, శిబిరములలో వారి వక్షముపై గులాబిరంగు త్రికోణమును కుట్టించిరన్న సంగతి లోకమున అంతగా ప్రచారము లేని 1979లో, లండను రాయల్ కోర్ట్ రంగశాలలో మార్టిన్ షెర్మన్ రచించిన ‘బెంట్’ నాటకము ప్రదర్శితమయ్యెను.

అందు డాఖౌ శిబిరమున మాక్స్, హోర్స్ట్ అను ఇరువురు ఖైదీలు ఒకచోటి రాళ్లను మోసి వేరొకచోట పేర్చి, మరల వానినే మొదటిచోటికి చేర్చుచుందురు. ఆ పనికి మతి పోగొట్టుటయే ప్రయోజనము. విరామమను పేర మూడు నిమిషములు కదలనీయక నిలిపినప్పుడు, ఒకరినొకరు తాకక, కన్నెత్తియైన చూడక, కావలివానికి వినబడని మాటలతోనే వారు ఆలింగనము చేసికొందురు. నటులు శిలలవలె నిలిచిన ఆ ఘట్టమంత ప్రగాఢమైన ప్రణయదృశ్యము నాటకములలో అరుదని నా విశ్వాసము.

నన్ను మరింత కలచినది తదనంతర చరిత్ర. హిట్లరు కూలినను, ఆతని ప్రభుత్వము 1935లో కఠినతరము గావించిన, పురుషుల నడుమ ప్రణయమును నేరముగా నెంచిన 175వ నిబంధన పశ్చిమ జర్మనీలో 1969 వరకు అట్లే నిలిచెను. శిబిరములనుండి ప్రాణములతో బయటపడినవారిలో కొందరు ఆ చట్టము క్రిందనే మరల చెరసాలల కేగిరి. అది పూర్తిగా రద్దగుట 1994లోనే.