మొరపెట్టిన దీపాలు

ధారూర్‌లో ఒక కందుల వ్యాపారి ఉండేవాడు. అతనికి పదిహేనేళ్ల పాత కారు ఒకటి ఉండేది. పంట రోజుల్లో తాండూరు మార్కెట్‌కూ, మిగతా రోజుల్లో అనంతగిరి ఘాటు మీదుగా వికారాబాద్‌కూ అందులోనే తిరిగేవాడు.

ఒక వానాకాలం రాత్రి ఘాటు దిగుతుండగా స్టీరింగు ముందు ఇంజిన్ దీపం వెలిగింది. కాస్త దూరం పోయాక ఏబీఎస్ బ్రేకుల దీపం, ఆ వెనకే ఎయిర్‌బ్యాగు దీపం వెలిగాయి. తెల్లారి చూస్తే ఒక్కటీ లేదు.

వికారాబాద్‌లో ఒక మెకానిక్ స్కానర్ పెట్టి చూశాడు. చక్రం దగ్గరి సెన్సార్ పేరు వచ్చింది. దాన్ని మార్చాడు. నాలుగు రోజులు బాగానే గడిచాయి. మళ్లీ వాన పడిన రాత్రి మూడు దీపాలూ వెలిగాయి. తాండూరులో ఇంకో మెకానిక్ చూస్తే ఈసారి ఇంజిన్ సెన్సార్ పేరు వచ్చింది. దాన్నీ మార్చాడు, బ్యాటరీనీ మార్చాడు. కందుల మీద వచ్చిన లాభం కారు కిందే కరిగింది. దీపాలు మాత్రం మానలేదు.

చివరికి వ్యాపారి సొంత ఊళ్లోనే ట్రాక్టర్లకు వైరింగు చేసే ఒక ముసలాయన దగ్గరికి వచ్చాడు. ఆయన ముందుగా దీపాలు ఎప్పుడెప్పుడు వెలుగుతున్నాయో అడిగి తెలుసుకున్నాడు. రాత్రిపూట, వానలో అని విని పొద్దుగూకేదాకా ఆగాడు. అప్పుడు ఇంజిన్ నడుస్తుండగానే హెడ్‌లైట్లు, వైపర్లు, ఫ్యాను అన్నీ వేయించాడు. మీటరుతో బ్యాటరీ ప్లస్‌కూ మైనస్‌కూ మధ్య చూస్తే 14 వోల్టులున్నాయి. అక్కడ లోపం లేదు. తర్వాత మీటరు ఒక మొన మైనస్ మీద, రెండోది కారు బాడీ మీద పెట్టాడు. 0.2 వోల్టులు దాటకూడని చోట ఒకటిన్నర చూపించింది. లైట్లు ఆర్పిస్తే అంకె పడిపోయింది.

ఆయన మైనస్ నుంచి బాడీకి పోయే ఎర్త్ వైరు వెంబడి చివరిదాకా వెతికాడు. బ్యాటరీ అడుగున, వైరును బిగించిన బోల్టు చుట్టూ చిలుము పట్టి ఉంది. లైట్లు, ఫ్యాను వాడుకున్న కరెంటంతా తిరిగి బ్యాటరీకి చేరాల్సింది ఆ బోల్టు మీదుగానే. వాడకం పెరిగినప్పుడల్లా అక్కడ దారి చాలక, మంచి సెన్సార్ల లెక్క కూడా తప్పుతోంది. ఆయన ఉప్పు కాగితంతో చిలుమంతా రుద్ది, బోల్టు బిగించి, గ్రీజు పూశాడు. ఆ రాత్రి వానలోనే వ్యాపారి ఘాటు ఎక్కి దిగాడు. ఒక్క దీపమూ వెలగలేదు.

నీతి: మొరపెట్టుకున్న ప్రతివాడిలోనూ తప్పు ఉండదు. ఇంట్లోనైనా, ఊళ్లోనైనా నలుగురు ఒకేసారి నాలుగు బాధలు చెబితే, వాళ్లను మార్చడానికి పూనుకునే ముందు వాళ్లందరూ ఆనుకున్న చోటును చూడాలి. ఆ బాధలు ఏ వేళ పైకి వస్తున్నాయో ఓపికగా అడిగినవాడికే ఆ చోటు దొరుకుతుంది.