కరుణకు పనివేళలు ఉండవచ్చా?

ఇతరుల బాధ వినడమే ఉద్యోగమైన మనిషికి, సాయంత్రం అయ్యాక ఆ బాధను పక్కన పెట్టి ఇంటికి వెళ్లే హక్కు ఉందా అన్నది మతగ్రంథాలు, తత్త్వవేత్తలు ఎంతోకాలంగా తర్కిస్తూ వచ్చిన ప్రశ్న. పూర్వం ఇది మఠాధిపతులకు, గురువులకు, తగవులు తీర్చే పెద్దలకు ఎదురైంది. ఈనాడు దాన్ని రోజూ ఎదుర్కొంటున్నవారిలో హైస్కూలు కౌన్సెలర్లు ముందుంటారు. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల వయసు పిల్లలు మార్కుల భయం, ఇంట్లో గొడవలు, ప్రేమ, అవమానం, చనిపోవాలన్న ఆలోచన అన్నీ తెచ్చి ఒకే బల్ల ముందు పెడతారు. ఆ బల్లకు అవతల కూర్చున్న మనిషి తన రోజును ఎలా పంచుకోవాలి అన్నది పైకి టైంటేబుల్ సమస్యలా కనిపిస్తుంది. నిజానికి అది ధర్మానికి సంబంధించిన ప్రశ్న. ఎవరికి ఎంత బాకీ ఉన్నాం, ఆ బాకీ ఎక్కడ తీరుతుంది అని తేల్చుకోవలసిన ప్రశ్న.

ఈ వృత్తి అమెరికాలో రూపు దిద్దుకుంది. 1908లో ఫ్రాంక్ పార్సన్స్ బోస్టన్‌లో వొకేషన్ బ్యూరో పెట్టి, ఏ పనిలో చేరాలో తెలియని యువతకు దారి చెప్పే ఏర్పాటు చేశాడు. అప్పటికి పని స్పష్టంగా ఉండేది. ఎదుటి మనిషి శక్తి ఏమిటో, లోకంలో ఉన్న ఉద్యోగాలేమిటో రెండూ ఎరిగి జత కలపాలి, అంతే. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించాక, మరుసటి ఏడాది వచ్చిన నేషనల్ డిఫెన్స్ ఎడ్యుకేషన్ యాక్ట్ హైస్కూలు కౌన్సెలర్ల శిక్షణకు నిధులు ఇచ్చింది. చురుకైన పిల్లలను గుర్తించి సైన్సు వైపు నడిపించడం దాని ఉద్దేశం. ఆ తర్వాత కాలేజీ దరఖాస్తులు, సిఫారసు లేఖలు, మాదకద్రవ్యాలు, కుటుంబ కలహాలు, ఆత్మహత్యల నివారణ ఒకదాని తర్వాత ఒకటి వచ్చి చేరాయి. పాత బాధ్యతల్లో ఏదీ తగ్గలేదు. 250 మంది విద్యార్థులకు ఒక కౌన్సెలర్ ఉండాలని, పనివేళల్లో కనీసం 80 శాతం విద్యార్థుల సేవకే పోవాలని అమెరికన్ స్కూల్ కౌన్సెలర్ అసోసియేషన్ చెబుతుంది. జాతీయ సగటు ఎన్నడూ ఆ మేరకు దిగిరాలేదు. దానికి తోడు పరీక్షల నిర్వహణ, రాని టీచరు క్లాసు చూసుకోవడం, భోజన వేళ కాపలా వంటివి కూడా చాలాచోట్ల కౌన్సెలర్ మీదే పడతాయి.

ఇంత బరువు మీద పడ్డ మనిషికి మన సంప్రదాయం చూపించే మొదటి ఆదర్శం రంతిదేవుడు. భాగవతం నవమ స్కంధంలోని ఈ రాజు నలభై ఎనిమిది రోజులు అన్నపానాలు లేక మాడి, ఆపైన దొరికిన కాస్త ఆహారాన్నీ వచ్చిన అతిథులకు పెట్టేస్తాడు. చివరికి మిగిలిన నీళ్లు కూడా దాహంతో వచ్చినవాడికి పోస్తాడు. తనకు మోక్షం అక్కర్లేదని, ప్రాణులన్నిటి దుఃఖమూ తానే అనుభవించాలని కోరుకుంటాడు. ఇలాంటి కథలు విని పెరిగినవారికి, ఏడుస్తున్న పిల్లతో మిగతాది రేపు మాట్లాడుకుందాం అనడం పాపంలా తోస్తుంది.

కానీ ఆ కథకూ ఈ ఉద్యోగానికీ ఉన్న తేడాను గమనించాలి. రంతిదేవుడిది ఒక్కసారి వచ్చిన పరీక్ష. అది ముగిశాక దేవతలు ప్రత్యక్షమవుతారు. కౌన్సెలర్ మర్నాడు తొమ్మిదింటికి మళ్లీ తలుపు తీయాలి, మళ్లీ వినాలి. ఇంకో తేడా దీనికంటే లోతైనది. కౌన్సెలర్ చేతిలో ఉన్న గంట పూర్తిగా కౌన్సెలర్ సొత్తు కాదు. అందులో బయట బెంచీ మీద కూర్చున్న పిల్లాడికి వాటా ఉంది, నోరు విప్పి అడగడం చేతకాని వెనకబెంచీ అమ్మాయికి వాటా ఉంది, ఇంటి దగ్గర ఎదురుచూసే సొంత బిడ్డలకూ ఉంది. తనది కానిదాన్ని ఉదారంగా ఇచ్చేస్తే దాన్ని దానం అనలేం. రంతిదేవుడి కుటుంబం కూడా ఆకలితో అల్లాడుతోందని సంస్కృత భాగవతం చెబుతుంది. వాళ్లు ఏమనుకున్నారో మాత్రం చెప్పదు. ఈ వృత్తిలో ఉన్నవారి ఇళ్లలో ఆ చెప్పని మాటే పెద్ద సమస్య అవుతుంది.

పాత గ్రంథాల్లో ఈ ఉద్యోగానికి అతి దగ్గరగా వచ్చే ఘట్టం బైబిలు నిర్గమకాండము పద్దెనిమిదో అధ్యాయంలో ఉంది. మోషే ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని జనం తగవులన్నీ తీరుస్తుంటాడు. చూడవచ్చిన మామ యిత్రో మెచ్చుకోడు. చేస్తున్న పద్ధతి మంచిది కాదని అల్లుడికి నేరుగా చెబుతాడు. ఇలాగైతే నువ్వూ నలిగిపోతావు, నీ కోసం నిలబడిన ఈ జనమూ నలిగిపోతారు అన్నది అతని వాదన. ఇందులో రెండో సగం ముఖ్యం. అలసట మోషే సొంత కష్టం మాత్రమే అయితే దాన్ని త్యాగమని పొగడవచ్చు. కానీ వరసలో చివర నిలబడినవాడికి దొరికేది సగం చెవితో వినే మోషే. పొద్దున వచ్చినవాడికి దక్కిన న్యాయం సాయంత్రం వచ్చినవాడికి దక్కదు. యిత్రో చెప్పిన ఉపాయం వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి ఒక్కొక్క పెద్దను నియమించి, కష్టమైన వ్యవహారాలు మాత్రమే మోషే దగ్గరికి రానివ్వడం. విశ్రాంతిదినాన్ని విధించే పది ఆజ్ఞలు ఆ తర్వాత, ఇరవయ్యో అధ్యాయంలో వస్తాయి. కథ వరసలో పనిని పంచుకోవడం ముందు వచ్చింది, పది ఆజ్ఞల్లోని సెలవు దినం తర్వాత వచ్చింది. ఈ వరస బడికీ వర్తిస్తుంది. క్లాసు టీచరు, హాస్టల్ వార్డెన్, పీఈటీ, సీనియర్ విద్యార్థులు పిల్లలను రోజంతా చూసేవారు. ఎవరు అన్నం మానేశారో, ఎవరు ఒంటరిగా తిరుగుతున్నారో వాళ్లకే ముందు తెలుస్తుంది. ఏది తామే మాట్లాడి సర్దవచ్చో, ఏది వెంటనే కౌన్సెలర్‌కు చెప్పాలో వాళ్లకు ఏడాది మొదట్లోనే నేర్పాలి. గ్రూపుల ఎంపిక, దరఖాస్తు గడువులు లాంటివి ఒక్కొక్కరికి కాకుండా తరగతి మొత్తానికి ఒకేసారి చెప్పాలి. అప్పుడే నిజంగా ప్రమాదంలో ఉన్న పిల్లకు తొందరలేని గంట మిగులుతుంది.

పని పంచుకున్నా మనసు సంగతి మిగిలే ఉంటుంది. దీని మీద బౌద్ధులు చేసినంత సూక్ష్మమైన విచారణ మరెక్కడా కనిపించదు. మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అనే నాలుగు భావనలను వాళ్లు బ్రహ్మవిహారాలు అన్నారు. పతంజలి యోగసూత్రాల్లోనూ ఈ నాలుగూ ఉన్నాయి. అయిదో శతాబ్దపు బుద్ధఘోషుడు విశుద్ధిమగ్గంలో ప్రతి భావనకూ ఒక దూరపు శత్రువును, ఒక దగ్గరి శత్రువును చెప్పాడు. కరుణకు దూరపు శత్రువు క్రౌర్యం. దాన్ని ఎవరైనా గుర్తుపడతారు. దగ్గరి శత్రువు శోకం. అది కరుణలాగే ఉంటుంది, కరుణ స్థానంలోకి తెలియకుండా వచ్చి కూర్చుంటుంది. పిల్ల దుఃఖాన్ని చూసి సాయం చేయడానికి మనసు కదలడం కరుణ. ఆ దుఃఖంలో తానూ మునిగి రాత్రంతా నిద్ర లేకుండా పొర్లాడడం శోకం. రెండోదాని వల్ల పిల్లకు ఏమీ ఒరగదు. మర్నాడు ఆమె మళ్లీ వచ్చేసరికి ఎదుట కూర్చున్న మనిషి ఇంకా నీరసించి ఉంటారు. నాలుగోదైన ఉపేక్ష, ఇక్కడి అర్థంలో, అందరినీ సమంగా చూసే నిలకడ. దానికీ దగ్గరి శత్రువు ఉంది, తెలివిలేని ఉదాసీనత. పిల్లలందరినీ ఒకే తీరుగా చూడడానికీ, ఎవరినీ పట్టించుకోకపోవడానికీ పైకి తేడా కనపడకపోవచ్చు.

ఆధునిక మనస్తత్వశాస్త్రం ఈ జారుడుదారినే వేరే మాటల్లో వర్ణించింది. న్యూయార్క్‌లో ఒక ఉచిత వైద్యశాలలో సేవ చేసిన హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్, ఇష్టపడి వచ్చిన సేవకులే ఎలా ఆరిపోతారో గమనించి 1974లో దానికి బర్నౌట్ అని పేరు పెట్టాడు. క్రిస్టినా మాస్లాక్, సూసన్ జాక్సన్ 1981లో దానికి మూడు లక్షణాలు చెప్పారు: భావాలు అడుగంటడం, ఎదుటివారిని మనుషులుగా కాక కేసులుగా చూడడం, తన పనికి విలువ లేదనిపించడం. బుద్ధఘోషుడి లెక్కలో చెప్పాలంటే, శోకంలో నానిన మనసు తనను కాపాడుకోవడానికి ఉదాసీనతను కప్పుకుంటుంది. అందుకే హద్దులు లేని కౌన్సెలర్ చివరికి రాతిమనిషి అవుతారు. పని పట్ల అశ్రద్ధతో మొదలుపెట్టినవారి కంటే ప్రాణం పెట్టి మొదలుపెట్టినవారికే ఈ ముప్పు ఎక్కువ. ఈ వృత్తికి సంబంధించి మరచిపోకూడని సత్యం ఇదే.

విశ్రాంతి స్వార్థం కాదన్న విషయంలో సంప్రదాయాలు ఆశ్చర్యకరంగా ఏకీభవిస్తాయి. అతిగా తినేవాడికీ బొత్తిగా తిననివాడికీ, అతిగా నిద్రపోయేవాడికీ అసలు నిద్రపోనివాడికీ యోగం కుదరదని గీత ఆరో అధ్యాయం అంటుంది. ఇస్లాం సంప్రదాయంలో, పగలంతా ఉపవాసం, రాత్రంతా ప్రార్థన అంటూ ఇంటిని పట్టించుకోని ప్రవక్త సహచరుడు అబూ దర్దాకు మిత్రుడు సల్మాన్ బలవంతంగా అన్నం తినిపించి నిద్రపుచ్చుతాడు. ప్రభువుకూ, సొంత ప్రాణానికీ, ఇంటివారికీ ఎవరి హక్కు వారికి ఉందని చెబుతాడు. సల్మాన్ చెప్పిందే నిజమని ప్రవక్త అన్నట్లు బుఖారీ హదీసు సంకలనంలో ఉంది. పన్నెండో శతాబ్దంలో క్రైస్తవ మఠాధిపతి బెర్నార్డ్, ఒకప్పటి తన శిష్యుడు మూడో యూజీనియస్ పోప్ అయ్యాక, అర్జీదారుల రద్దీలో కొట్టుకుపోవద్దని హెచ్చరిస్తూ అయిదు భాగాల గ్రంథమే రాశాడు. అందరికీ చెందిన మనిషి తనకు తానూ కొంత చెందాలన్నది అతని వాదన.

ఇక రోజును పంచుకోవడం. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో రాజు పగటిని ఎనిమిది భాగాలు, రాత్రిని ఎనిమిది భాగాలు చేశాడు. ప్రజల అర్జీలు వినడానికి ఒక భాగం, భోజనానికీ చదువుకూ పగలొకటి రాత్రొకటి, ఇష్టం వచ్చినట్లు గడపడానికి ఒకటి, నిద్రకు రెండు కేటాయించాడు. వినోదాన్ని కూడా దినచర్యలో రాసిపెట్టాడన్నది గమనించదగ్గ విషయం. రాసిపెట్టని విశ్రాంతి ఎప్పుడూ రేపటికి వాయిదా పడుతుంది. కౌన్సెలర్‌కు ఏడాది కూడా ఇలాగే ముందే తెలిసిన ఆకారంలో ఉంటుంది. అమెరికాలో నవంబరు 1, జనవరి 1 ప్రాంతాల్లో కాలేజీ దరఖాస్తుల గడువులు వస్తాయి. తెలుగు రాష్ట్రాల్లో జనవరి, ఏప్రిల్‌లలో జేఈఈ మెయిన్, మార్చి ప్రాంతంలో ఇంటర్ పరీక్షలు, ఏప్రిల్ ప్రాంతంలో ఫలితాలు, మే నెలలో నీట్, ఈఏపీసెట్ ఉంటాయి. ఈ నెలల్లో కొత్త కార్యక్రమాలు పెట్టకుండా, సెలవులు జూలై, సెప్టెంబరు వంటి తేలిక నెలలకు ముందే నిర్ణయించుకోవడం దూరదృష్టి. ప్రతిరోజూ ఒక గంటను ఎవరికీ ఇవ్వకుండా ఖాళీగా ఉంచాలి. ఆపద ఎప్పుడూ అపాయింట్‌మెంట్ తీసుకుని రాదు. ఆ గంట లేకపోతే ఆపదలో ఉన్న పిల్ల కోసం వేరే పిల్ల వంతు కొట్టేయాల్సి వస్తుంది. మాట్లాడిన సంగతులు అప్పుడే రాసి ముగించాలి. రాయని నోట్సు ఇంటిదాకా మనసులో ప్రయాణం చేస్తుంది.

ఈ పనికి ఇంకో ప్రత్యేక బాధ ఉంది. పిల్లలు చెప్పినది ఇంట్లో చెప్పకూడదు. మిగతా ఉద్యోగుల్లా రాత్రి భోజనం దగ్గర రోజు కష్టం వెళ్లబోసుకోవడం కుదరదు. రహస్యం దాచే ధర్మం పిల్లను కాపాడుతుంది, దాచే మనిషిని ఒంటరి చేస్తుంది. అందుకే పేర్లు చెప్పకుండా చర్చించుకోవడానికి ఒక అనుభవజ్ఞుడైన పెద్ద గానీ, ఇదే వృత్తిలోని స్నేహితుల బృందం గానీ తప్పనిసరి. క్రైస్తవ సంప్రదాయంలో ఇతరుల పాపాలు వినే పురోహితుడు తానూ మరొకరి దగ్గర మోకరిల్లుతాడు. అందులోని వివేకం ఇదే.

అయినా ఒక అభ్యంతరం మిగులుతుంది, దాన్ని దాటవేయకూడదు. తలుపు మూసిన ఆ రాత్రే ఒక పిల్ల ప్రాణం మీదికి వస్తే? మనిషి ఉండడు అన్న హద్దు నిర్దయే. ఇంకొకరు ఉంటారు అన్న హద్దు మాత్రం నిర్దయ కాదు. సాయంత్రం తర్వాత ఎవరికి ఫోను చేయాలో ప్రతి పిల్లకూ ముందే తెలిసి ఉండాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416 నంబరులో రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడుతుంది. ఆ నంబరు కౌన్సెలర్ గది తలుపు మీద, హాస్టల్ గోడల మీద ఉండాలి. ఇంత చేసినా ఒక్కోసారి ఘోరం జరగవచ్చు. చేయవలసింది చేయడం మీదే అధికారం, ఫలితం మీద కాదు అన్న గీతావాక్యానికి నిజమైన చోటు అక్కడ ఉంది. కుమిలిపోతున్న కౌన్సెలర్‌కు అది ఊరట. అదే వాక్యాన్ని జీతం, సెలవు, సహాయకులను అడిగినవారి నోరు మూయించడానికి వాడితే అది అధర్మం. నిష్కామం ఎవరికి వారు తీసుకోవలసిన వ్రతం, యజమాని విధించే షరతు కాదు.

కాబట్టి ఈ ప్రశ్న చివరికి యాజమాన్యాల దగ్గరికి వస్తుంది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మరణంపై వచ్చిన కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కనీసం ఒక కౌన్సెలర్‌ను, మనస్తత్వ నిపుణుణ్ని లేదా సామాజిక కార్యకర్తను నియమించాలని, ఉపాధ్యాయులతో సహా సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇప్పించాలని ఆదేశించింది. ఒక్కరిని నియమించి వేలమందిని అప్పగించినా కాగితం మీద సంఖ్య సరిపోతుంది. పిల్లలకు మాత్రం సరిపోదు. జూనియర్ కాలేజీలు, హైస్కూళ్లు నడిపేవారు కౌన్సెలర్‌ను ఇన్విజిలేషన్‌కూ అడ్మిషన్ల ప్రచారానికీ వాడడం మానాలి. ఫలితాలు వెలువడే నెలలో రెండో మనిషిని పెట్టాలి. ఆ నెల గడిచాక మొదటి మనిషికి జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి.