దేవునికి తెలుసు, చాలదా?



2016 ఏప్రిల్‌లో కడప మేత్రాణులను దారిలో అడ్డగించి, అపహరించి కొట్టారన్న వార్త మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ కేసులో పోలీసులు అరెస్టు చేసినవారిలో గురువులు కూడా ఉన్నారు. నేరం తేల్చవలసింది న్యాయస్థానం, నేను కాదు. కానీ ఆ వార్త వచ్చిన రోజుల్లో ఎల్లంతకుంట దగ్గరి ఒక ఊరిలో దివ్యపూజ ముగించి బయటికి వస్తుంటే, సిరిసిల్లలో సాంచెలు నడిపే ఒకాయన నన్ను ఆపాడు. "ఫాదర్, గురువులే ఇట్లుంటే, వాళ్ల చేతులమీద మేం తీసుకున్న జ్ఞానస్నానం చెల్లుతదా?"

సెమినరీ చదువు అక్కరకు వచ్చింది. ఇది కొత్త ప్రశ్న కాదు. నాలుగవ శతాబ్ది ఆరంభంలో రోము చక్రవర్తి హింసలకు భయపడి కొందరు మేత్రాణులు, గురువులు పరిశుద్ధ గ్రంథాలను అధికారులకు అప్పగించారు. అటువంటివారు ఇచ్చిన సంస్కారాలు చెల్లవని ఉత్తర ఆఫ్రికాలో దొనాతు వర్గీయులు పట్టుబట్టి వేరైపోయారు. నూరేళ్ల తరువాత, 411లో, కార్తేజి నగరంలో ఉభయపక్షాల మేత్రాణులు ఎదురెదురుగా కూర్చుని వాదించుకున్నారు. పునీత అగుస్తీనువారి సమాధానమే నేటికీ శ్రీసభ బోధన: చెయ్యి ఎవరిదైనా, జ్ఞానస్నానం ఇచ్చేది క్రీస్తునాథుడే. అయోగ్యుడైన గురువును ఆయన రాతి కాలువతో పోల్చారు. రాతిమీద ఏమీ మొలవదు, అయినా నీరు తోటకు చేరుతుంది.

కాలువల సంగతి మనవాళ్లకు వేరే చెప్పాలా! ఆయనకు వెంటనే అర్థమైంది. "అంటే మీరెట్లున్నా మాకు నడుస్తదన్నట్టు," అని నవ్వాడు.

స్కూటరుమీద తిరిగి వస్తున్నంతసేపూ ఆ మాట నన్ను వదలలేదు. విశ్వాసులకు ధైర్యం చెప్పే బోధనను నేను గురువులకు గొడుగుగా మార్చి వచ్చానా? రాతి కాలువను ఎవరూ లెక్క అడగరు. నేను రాయిని కాను గదా.

నా సంగతే చెబుతాను. అంతకు రెండేళ్ల క్రితం అదే ఊరిలో బీడీలు చేసే ఒక అమ్మ, గుడి గంటకోసమని 2,000 రూపాయలు నా చేతిలో పెట్టింది. తునికాకు కత్తిరించి, దారం చుట్టి కూడబెట్టిన పైసలవి. ఆ వానాకాలం గుడి ప్రహరీ గోడ కూలింది. ఆ డబ్బు గోడకు పెట్టాను. గోడ మాత్రం దేవునిది కాదా? నేనేమీ జేబులో వేసుకోలేదు. దేవునికి తెలుసు. ప్రతి పండుగకూ ఆమె "ఫాదర్, గంట ఎప్పుడస్తది?" అనేది. "వస్తుందమ్మా" అనేవాణ్ణి.

ఒక పనికోసం విశ్వాసులు ఇచ్చిన కానుకను ఆ పనికే వాడాలని 1983 నాటి శ్రీసభ చట్టం 1267వ నిబంధనలో ఉంది. కానుకల లెక్క విశ్వాసులకు చెప్పాలని 1287వ నిబంధన. ఇవి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే.

పునీత పౌలును చూడండి. యెరూషలేము పేదలకోసం చందా పోగుచేసినప్పుడు ఆయన ఒక్కడే సొమ్ము మోసుకుపోలేదు. తీతును, సంఘాలు ఎన్నుకున్న మరొక సోదరుణ్ణి వెంటపెట్టాడు. ఎందుకో కొరింతీయులకు వ్రాసిన రెండవ లేఖ 8వ అధ్యాయంలో తానే చెప్పాడు: ప్రభువు ఎదుటనే కాదు, మనుషుల ఎదుట కూడా సవ్యంగా ఉండాలని. అంతటి అపోస్తలుడికే 'దేవునికి తెలుసు' అన్నది చాలలేదు.

మన భాషలో 'విశ్వాసి', 'విశ్వాసపాత్రుడు' వేర్వేరు మాటలు. విశ్వాసిగా ఉండటం నాకూ దేవునికీ మధ్య సంగతి కావచ్చు. విశ్వాసపాత్రుణ్ణి మాత్రం నా అంతట నేను కాలేను. ఇతరులు తమ నమ్మకాన్ని పోసి ఉంచిన పాత్ర అది. అందులో ఏముందో తొంగిచూసే హక్కు పోసినవారిది. పెద్ద పదవులకైనా ఇదే వర్తిస్తుంది. లైంగిక వేధింపుల ఫిర్యాదులను తొక్కిపెట్టిన మేత్రాణులు కూడా జవాబు చెప్పాలని దివంగత ఫ్రాన్సిస్ జగద్గురువులు 2019 మేలో చట్టం తెచ్చారు. బాధితులు ఎన్నేళ్లు ఎదురుచూశాక వచ్చిందో తలచుకుంటే తల వంచుకోవలసిందే.

నేను చేసింది చిన్న పని. మరుసటి ఆదివారం కానుకల లెక్క కాగితంమీద రాసి గుడి తలుపుకు అంటించాను. 'గంటకు ఇచ్చినది, గోడకు వాడబడినది: 2,000' అని కూడా రాశాను. ఆమెకు చదువు రాదు. మనుమరాలు చదివి వినిపించింది. "అమ్మమ్మా, నీ గంట పైసలు గోడకు పెట్టిండట."

ఆమె కోపపడుతుందనుకున్నాను. కాసేపు గోడవైపు చూసింది. "మరి గోడకు మొత్తం ఎంతయిందో రాయలేదేంది ఫాదర్?"

బిల్లులు విచారణ ఇంట్లో ఉన్నాయనీ, వచ్చే వారం తెస్తాననీ చెప్పాను.

"మరువకుండ్రి," అంది.

విచారణ గురువు