ఇంటికి తగ్గ సామాను

పిల్లలున్న చిన్న ఇంట్లో సామాను సర్దుకోవడం గృహస్థధర్మంలో భాగమే. పతంజలి యోగసూత్రాలు చెప్పిన ఐదు యమాల్లో చివరిది అపరిగ్రహం, అంటే అక్కరకు మించి పోగేయకపోవడం. ఐదు నియమాల్లో మొదటి రెండూ శౌచం, సంతోషం. ఇంటి పనిలో ఈ మూడూ విడివిడిగా ఉండవు. మంచం కింద అట్టపెట్టెలు కుక్కి ఉంటే అక్కడికి చీపురు వెళ్లదు, శౌచం కుదరదు. ఉన్న వస్తువు ఎక్కడుందో దొరక్క మళ్లీ మళ్లీ కొనే ఇంట్లో తృప్తి నిలవదు.

అయితే సన్న్యాసికి చెప్పిన అపరిగ్రహాన్ని పిల్లలున్న ఇంటికి ఉన్నదున్నట్టు రుద్దడం తగదు. చంటిబిడ్డకు మార్చడానికి బట్టలు ఉండాలి. ఏడాదికి సరిపడా చింతపండు, ఆవకాయ ఉండాలి. ఈ సంగతి శాస్త్రకారులకూ తెలుసు. మనుస్మృతి నాలుగో అధ్యాయం ధాన్యం నిల్వను బట్టి గృహస్థులను నాలుగు తీరులుగా చెప్పింది. గాదె నిండా ఉంచుకునేవాడు, కుండ నిండా ఉంచుకునేవాడు, మూడు రోజులకు ఉంచుకునేవాడు, రేపటికంటూ ఏమీ ఉంచుకోనివాడు. తక్కువ దాచినవాడే మేలని అంటూనే, గాదె నింపుకున్నవాణ్నీ గృహస్థుల్లోంచి తీసేయలేదు. జైనధర్మం ఇంకా స్పష్టంగా చెప్పింది. సాధువుకు పూర్తి అపరిగ్రహం, గృహస్థుకు పరిగ్రహ పరిమాణ వ్రతం. పొలం, ఇల్లు, బంగారం, ధాన్యం, పాత్రలు ఇలా ఒక్కొక్కదానికి ఇంతవరకే అని గృహస్థు తనకు తానే హద్దు గీసుకోవాలి.

చిన్న ఇంటికి పనికొచ్చే సూత్రం ఇదే. హద్దు ఎంత అన్నది చోటే చెబుతుంది. పిల్లల బట్టలకు బీరువాలో ఒక అర, బొమ్మలకు ఒక పెట్టె, పుస్తకాలకు ఒక వరుస అని ముందే తేల్చుకుంటే, అది నిండాక కొత్తది రావడానికి పాతది కదలాల్సిందే. పిల్లలు త్వరగా ఎదుగుతారు కాబట్టి ఈ లెక్క ఏడాదికోసారైనా చూడాలి. జూన్‌లో బడులు తెరిచే ముందు వారాలు ఇందుకు అనువైనవి. పొట్టైపోయిన యూనిఫాం, అయిపోయిన తరగతి పుస్తకాలు, బిగువైన చెప్పులు అప్పుడే చేతికి వస్తాయి.

చోటు విషయంలో పాత పెంకుటిళ్లు మంచి పాఠం చెబుతాయి. ఆ ఇళ్లలో గదులు తక్కువే. గోడలో గూడు, గూట్లో దీపం. చొక్కాకు చిలక్కొయ్య, తడి బట్టకు దండెం, పెరుగుకుండకు ఉట్టి, ఏడాదికోసారి తీసే గుండిగలకు అటక. నేల మాత్రం పడుకోవడానికి, తినడానికి, పిల్లలు ఆడుకోవడానికి ఖాళీగా ఉండేది. రోజూ వాడేది చేతికందే ఎత్తులో, అప్పుడప్పుడు వాడేది తల పైన అన్న ఈ పద్ధతి నేటి రెండు గదుల ఫ్లాట్‌కూ అచ్చంగా సరిపోతుంది.

ఉట్టి గురించి ఒక మాట. చీమలకు, పిల్లులకు, పిల్లలకు అందకుండా దాన్ని దూలానికి వేలాడదీసేవారు. భాగవతం దశమస్కంధంలో యశోదతో గోపికలు చెప్పుకున్న ఫిర్యాదు మాత్రం వేరు. పీటలు, రోళ్లు మెట్లుగా వేసుకుని కృష్ణుడు ఆ ఎత్తూ అందుకున్నాడు. ఇంట్లో పసివాళ్లున్నవారు ఆ లీలను ఈ కోణంలోనూ తలచుకోవడం మంచిది. మందులు, ఫినాయిల్, యాసిడ్ సీసాలు, కత్తులు పై అరలో పెట్టినంత మాత్రాన చాలదు, తాళం ఉండాలి. ఎత్తైన బీరువాను గోడకు బిగించాలి, దాని పక్కన ఎక్కడానికి వీలైన స్టూలు ఉండకూడదు.

పిల్లల సొంత వస్తువులు మాత్రం వాళ్లకు అందే ఎత్తులోనే ఉండాలి. అందనిదాన్ని తిరిగి పెట్టమనడం న్యాయం కాదు. తీయడం, పెట్టడం రెండూ ఒకే పనిగా నేర్పడానికి బొమ్మల కొలువును మించిన పాఠం లేదు. కొన్ని ఇళ్లలో సంక్రాంతికి, కొన్ని ఇళ్లలో దసరాకు ట్రంకుపెట్టె దిగుతుంది. పాత పంచె ముక్కల్లో చుట్టిన కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక లక్క బొమ్మలు ఒక్కొక్కటే బయటికి వస్తాయి. కొండపల్లి బొమ్మల తెల్లపొణికి చెక్క తేలిక, జారిపడితే బొమ్మ వేలు విరుగుతుంది. అందుకే పిల్లలు రెండు చేతులతో పట్టుకుంటారు. బేసి సంఖ్యలో మెట్లు కట్టి, తెల్లబట్ట పరిచి, ఏ బొమ్మ ఏ మెట్టుమీదో వాళ్లే చెబుతారు. పేరంటం, హారతి అయ్యాక చివరి రోజు ఒక బొమ్మను పడుకోబెట్టి, మళ్లీ అదే గుడ్డలో చుట్టి, ఎండిన వేపాకు వేసి పెట్టె మూస్తారు. ఏడాదంతా కళ్లెదుట లేవు కాబట్టే పెట్టె తెరిచిన రోజు అంత సంబరం. మామూలు ఆటబొమ్మలకూ ఇదే చేయవచ్చు. కొన్నే బయట ఉంచి, మిగతావి పెట్టెలో దాచి, కొన్నాళ్లకు మార్చుకుంటే చోటు మిగులుతుంది, పాత బొమ్మే కొత్తగా కనిపిస్తుంది. అక్షరాలు రాని పిల్లలకు ఏ డబ్బాలో ఏముందో దానిపైన బొమ్మ అంటిస్తే చాలు.

పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకోవడం తెలుగు పిల్లలకు ఊహ తెలిసేసరికే వస్తుంది. కానీ పుస్తకాలు నేలమీద దొర్లే ఇంట్లో ఆ అలవాటు రోజుకు పదిసార్లు జరిగే మొక్కుబడి అవుతుంది. పుస్తకానికి ఒక అర ఇవ్వడమే అసలైన గౌరవం.

ఇక ఇవ్వడం. ఇక్కడే పెద్దలు ఎక్కువ జాగ్రత్తపడాలి. కఠోపనిషత్తు ఒక పిల్లవాడి చూపుతో మొదలవుతుంది. వాజశ్రవసుడు సర్వస్వం దానం చేసే యాగం తలపెట్టాడు. దక్షిణగా తోలుకుపోతున్నవి మాత్రం నీళ్లు తాగడం, గడ్డి మేయడం, పాలివ్వడం అన్నీ అయిపోయిన ముసలి ఆవులు. అది గమనించినవాడు అతని కొడుకు, చిన్నవాడైన నచికేతుడే. నన్నెవరికిస్తావు నాన్నా అని అతడు మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్న అక్కణ్నుంచే పుట్టింది. గుండీలు లేని చొక్కా, చక్రం ఊడిన కారు మూటకట్టి పనిమనిషి చేతిలో పెడుతుంటే, పక్కనున్న పిల్లలు చూస్తూనే ఉంటారు. అగౌరవంతో, చులకనగా ఇచ్చింది తామస దానమని గీత పదిహేడో అధ్యాయం చెబుతోంది. చొక్కా ఉతికి, గుండీ కుట్టి, మడతపెట్టి ఇస్తేనే అది దానం. పిల్లల వస్తువును వాళ్లను అడగకుండా ఇచ్చేయడం కూడా తప్పే. బడికెళ్లి వచ్చేసరికి బొమ్మ మాయమైతే బిడ్డ నేర్చుకునేది త్యాగం కాదు, ఇంకా గట్టిగా దాచుకోవడం. ఏది ఇవ్వాలో తనే ఎంచి, తన చేత్తోనే ఇవ్వనివ్వాలి.

ఎవరికీ ఇవ్వలేనివి కొన్ని మిగులుతాయి. విరిగిన చెక్క సామాను భోగిమంటకు పోతుంది. ప్లాస్టిక్, రబ్బరు, రెక్సిన్ అందులో వేయకూడదు. ఆ విషపు పొగ మంట చుట్టూ చేరిన పిల్లలే పీలుస్తారు. వాటిని పాతసామాను కొనేవారికి ఇవ్వాలి. దేవుడి పటాలున్న క్యాలెండర్లు, శుభలేఖలు ఏళ్ల తరబడి పేరుకుపోవడం ప్రతి ఇంట్లో ఉన్నదే. భయంతో దాచడం భక్తి కాదు, రావిచెట్టు మొదట్లో అద్దాల పటాలు వదిలిరావడం అంతకన్నా కాదు, పగిలిన గాజు భక్తుల కాళ్లలో దిగుతుంది. అద్దం, చట్రం వేరుచేసి, కాగితాన్ని నమస్కరించి బకెట్ నీళ్లలో నానబెట్టి, మెత్తబడ్డాక మొక్క మొదట్లో పూడ్చవచ్చు. ప్లాస్టిక్ పూత ఉన్నవాటిని మాత్రం మట్టిలో వేయకూడదు.